పండుగను నిలుపుకొన్న ఊళ్ళు
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"యూరపు చూచి వచ్చావు గదా, ఆ విశేషాలు నాలుగు చెప్పు" అని మా తెలుగు మాస్టారు ఆదేశించారు. లండను, పారిసు నగరాల సంగతి మీరెరిగినదే. నా మనస్సును ఆకట్టుకొన్నవి రెండు చిన్న ఊళ్ళు. వాటిని గురించి చెప్పి, మన చెన్నపట్టణానికి ఒక రాత్రి ప్రయాణంలో ఉన్న మూడవ ఊరికి మిమ్ములను తీసుకొని వెళ్ళదలచాను.

మొదటిది జర్మనీ దేశంలో బవేరియా కొండల నడుమనున్న ఒబెరామెర్‌గావ్. ఇండ్ల గోడలపై రంగుల చిత్రాలు, అంగళ్ళలో కొయ్య బొమ్మలు ఆ ఊరి అందం. 1633లో ప్లేగు పీడించినప్పుడు, అది తొలగితే క్రీస్తు శ్రమల కథను నాటకంగా ఆడుతామని గ్రామస్థులు మొక్కుకొన్నారు. 1634లో తొలిసారి ఆడారు. నాటి మొక్కును ఇప్పటికీ పదేండ్లకొకసారి చెల్లిస్తున్నారు. 2020లో జరుగవలసిన ప్రదర్శన కోవిడ్ కారణంగా 2022లో జరిగినది. పెద్దవారు వేషం కట్టాలంటే ఆ ఊరిలో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏండ్లు అక్కడ కాపురముండాలి. ముందు ఏటి నుండే పురుషులు గడ్డాలు పెంచుతారు. వీధిలో ఎదురైన మనిషిని చూస్తేనే పండుగ వస్తున్నదని తెలుస్తుంది.

రెండవది ఇటలీలోని సియెనా. జులై 2న, ఆగస్టు 16న నడిబొడ్డు మైదానంలో గుర్రప్పందెం. పదిహేడు పేటలలో పదింటికే ఒక్కొక్కసారి అవకాశం. పందెం రెండు నిమిషాలైనా పట్టదు. కాని ముందు రాత్రి పేటవారందరూ వీధిలోనే బల్లలు వేసుకొని సహపంక్తి భోజనం చేస్తారు. బాదం, తేనె, సుగంధద్రవ్యాలు చేర్చిన పాన్‌ఫోర్తే అనే మిఠాయి అక్కడి ప్రత్యేకత. అందులో మిరియం ఘాటు నాలుకకు తగిలినప్పుడు, పూర్వం మలబారు తీరం నుండి ఓడలెక్కిన సరుకు జ్ఞాపకం వచ్చినది.

ఇక మూడవది తంజావూరు చేరువనున్న మెలట్టూరు. విజయనగర పతనానంతరం తెలుగు దేశం నుండి వచ్చిన 510 కుటుంబాలకు అచ్యుతప్ప నాయకుడు అక్కడ ఇండ్లు, భూములు ఇచ్చినాడని ప్రసిద్ధి. ఏటా వైశాఖ మాసంలో నృసింహ జయంతి వేళ, వరదరాజస్వామి ఆలయం ఎదుట, వెంకటరామశాస్త్రి గారు రచించిన ప్రహ్లాద చరిత్రము రాత్రి తెల్లవార్లూ ఆడుతారు. తమిళనాటి నడిగడ్డపై తెలుగు నాటకం! స్త్రీ పాత్రలు సైతం పురుషులే ధరిస్తారు. నృసింహుని ముఖతొడుగుకు పూజ జరుగుతుంది. పానకము, వడపప్పు ప్రసాదం. 1930లలో కొంతకాలం ఆగిన ఈ మేళాన్ని ఇ. కృష్ణయ్యర్ వంటివారి ప్రోత్సాహంతో ఊరివారు మరల నిలబెట్టుకొన్నారు. ఉద్యోగాలకై ఊరు విడిచినవారు సైతం వేషం కట్టడానికి తిరిగి వస్తారు.

అక్కడికి మా అబ్బాయిని వెంట తీసుకొని వెళ్ళాను. వాడు ఇంటిలో తెలుగు మాట్లాడుతాడు, చదువలేడు. అర్ధరాత్రి వేళ, "ఇంత పెద్ద తెలుగు వీళ్ళకు ఎవరు నేర్పారు నాన్నా?" అన్నాడు. "వాళ్ళ నాన్నలు, తాతలు" అన్నాను. "మరి నాకు?" అన్నాడు. సభాసదులారా, ఈ పాఠశాలలో అక్షరాలు దిద్దిన నేను ఆ ప్రశ్నకు తలవంచుకొన్నాను.

తమిళం ఈ నేల భాష. 2006 చట్టం చెప్పినా చెప్పకపోయినా మన పిల్లలు దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. దానికి తెలుగు అడ్డు కాదు. మెలట్టూరువారు నాలుగు శతాబ్దాలుగా రెండింటినీ ప్రేమతో పోషించుకొన్నారు.

మూడు ఊళ్ళూ నాకు నేర్పిన పాఠం ఒక్కటే. పండుగను చూడవచ్చినవారు నిలుపరు, వేషం కట్టినవారు నిలుపుతారు. కావున నా మనవి: ఏటా వార్షికోత్సవంలో ఒక తెలుగు నాటకం ఆడిద్దాం. పూర్వ విద్యార్థులు తమ బిడ్డలకు, మనుమలకు తలా ఒక పాత్ర ఇప్పించాలి. మాటలు తెలుగు లిపిలోనే వ్రాసి ఇవ్వాలి. వాటిని చదివించే బాధ్యత మనది. మా అబ్బాయి పేరు మొదట వ్రాసుకొండి. వాడు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినాడు.

సెలవు.