హద్దు రాయి



యానాం వాళ్ళకు సరిహద్దు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేస్తే ప్రభుత్వం మారుతుంది, పన్ను మారుతుంది, సీసా ధరా మారుతుంది. అనంతపురం, బళ్ళారి జిల్లాల నడుమ ఇలాంటి గీత దగ్గరే గాలి జనార్దనరెడ్డి కథంతా నడిచింది.

ఆయన పోలీసు కానిస్టేబుల్ కొడుకు. బళ్ళారిలో జనం పొదుపు సొమ్ము కట్టించుకునే కంపెనీ నడిపి, అది మూతపడ్డాక గనుల్లోకి దిగారు. 1999లో సుష్మా స్వరాజ్ అక్కడ పోటీ చేసినప్పుడు అన్నదమ్ములు ఆమె వెంట నిలిచారు. 2008కల్లా ఆయన కర్ణాటక మంత్రి. మరుసటేడు తిరుమల వెంకన్నకు వజ్రకిరీటం చేయించారు.

ఓబుళాపురం కొండల్లో ఆయన కంపెనీకి ఆంధ్ర వైపు లీజు ఉండేది. హద్దు గుర్తులు చెరిపి, లీజు దాటి ఇనుప ఖనిజం తవ్వారన్నది అభియోగం. 2011 సెప్టెంబరు 5న సి.బి.ఐ. అరెస్టు చేసింది. 2012లో, ఆయనకు బెయిలివ్వడానికి లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణపై ఒక జడ్జిగారే సస్పెండయ్యారు. కొండ తవ్వడం కన్నా నాకు ఇదే ఎక్కువ భయం వేసింది.

2015లో బెయిలొచ్చింది. సొంత పార్టీ పెట్టుకుని 2023లో గంగావతిలో గెలిచారు కూడా! 2025 మే 6న హైదరాబాదు సి.బి.ఐ. కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, శాసనసభ్యత్వం పోయింది. జూన్ 11న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ఈలోగా సుప్రీంకోర్టు చెప్పగా సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఆ హద్దును మళ్ళీ కొలవాల్సి వచ్చింది. పూర్వం అక్కడ గుర్తుగా నిలిచిన సుంకులమ్మ గుడి తవ్వకాల్లోనే కూలిపోయింది మరి.