ఎరవు పుస్తకము – అమర్త్య సేన్ విద్యార్థి దశ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఎరవు పుస్తకముచే జీవితమార్గము మారిన యొక విద్యార్థిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఆయన 1998లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన అమర్త్య సేన్. 2021లో వెలువడిన స్వీయస్మృతులలో తన గురువులను గూర్చి ఆయనయే విపులముగా వ్రాసిరి.

సేన్ 1933లో శాంతినికేతనమున జన్మించిరి. మాతామహులు క్షితిమోహన సేన్ సంస్కృత పండితులు. 1943 వంగదేశపు కఱవులో, ఆకలితో వచ్చిన కుటుంబమునకు ఒక సిగరెట్టు డబ్బాడు బియ్యము చొప్పున ఇచ్చుటకు తాతగారు ఆ బాలునకు అనుమతి నిచ్చిరి. ఆ డబ్బా కొలతను ఆయన మఱవలేదనుటకు 1981లో కఱవులపై వ్రాసిన గ్రంథమే సాక్షి. గాదెలలో ధాన్యమున్నను కొను శక్తి లేని కూలివాడు చచ్చునని అందు లెక్కలతో చూపిరి.

మొదట సంస్కృతము, గణితము, భౌతికశాస్త్రములవైపు మనసు పోయినను, 1951లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రమునకై చేరిరి. భవతోష దత్త, తపస్ మజుందార్ గార్లు అచ్చటి గురువులు. సహాధ్యాయి సుఖమయ చక్రవర్తి, కెనెత్ ఆరో 1951లో ప్రకటించిన గ్రంథమును అంగడినుండి ఎరవు తెచ్చి సేన్‌కు చూపెను. పలువురి యిష్టములను ఒక్క నిర్ణయముగా కూర్చుట యెట్లన్నది అందలి ప్రశ్న. మన యూరికి బావి, బడి, బాటలలో ఏది ముందో ఓటుచే తేల్చుదమనుకొనుడు. బావికంటె బడి, బడికంటె బాట, బాటకంటె మరల బావియే మేలని అధిక సంఖ్యాకులు చెప్పుట సంభవమే! ఇట్టి చిక్కు ఎంత లోతైనదో ఆరో గణితముచే నిరూపించెను.

1953లో సేన్ కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల చేరిరి. మార్క్సు మార్గీయుడగు మారిస్ డాబ్, ఆ మార్గము నంగీకరింపని డెనిస్ రాబర్ట్‌సన్, ఇటలీవాడగు పియెరో స్రాఫా అచ్చట సామరస్యముతో మెలగుచుండిరి. పరిశోధనకు మార్గదర్శిని జోన్ రాబిన్‌సన్. ఆమె మేధను సేన్ మిక్కిలి గౌరవించిరి. కాని సంక్షేమ విచారమున ఆమెకు ఆదరము లేదు. శిష్యుడు ఉత్పత్తి పద్ధతుల ఎంపికపై పరిశోధన ముగించెను. గురువును ధిక్కరింపలేదు, ప్రశ్నను విడువలేదు. 1970లో ఆ ప్రశ్నపైననే మహాగ్రంథము ప్రకటించిరి.

మహాశయులారా! ఆ అంగడివాడు పుస్తకము నెరవియ్యకున్నచో, సుఖమయుడు దానిని తన యింటనే దాచుకొనియున్నచో ఏమగునో యోచింపుడు. మన గ్రంథాలయపు చిట్టాలో గడువు దాటిన పుస్తకములు పెక్కు కలవు. వానిలో ఏది ఏ బాలుని కొఱకు వేచియున్నదో మన మెఱుగము. దయతో తెచ్చి యిండు.