వీధికి గట్టు వేయవలెనా?

నగరములు పెరిగినకొలది శివారు వీధుల స్వభావము మారుచున్నది. నిన్నటివరకు కాలనీవారు తప్ప మరియొకరు నడువని వీధి, నేడు రెండు పెద్ద రోడ్లను కలుపు అడ్డదారి అగుచున్నది. కూడలిలో ఎర్రదీపము వెలిగినంతనే మోటారుసైకిళ్లు, ఆటోలు, కార్లు ప్రక్క వీధిలోనికి మళ్లుచున్నవి. మట్టిదారి పోయి సిమెంటు రోడ్డు వచ్చినందుకు అందరము సంతోషించితిమి. కాని రోడ్డు నున్ననైనకొలది బండి వేగము పెరుగును. అప్పుడు వీధిలోనివారికి తట్టు మొదటి ఉపాయము స్పీడుబ్రేకరు. పత్రికలు దీనికి వేగనిరోధకమని పేరు పెట్టినను, జనుల నోట నిలిచినది ఇంగ్లీషు మాటయే. ఈ ప్రసంగములో దానిని నేను గట్టు అని పిలిచెదను.

ఈ గట్టు కావలెనా, వలదా అను వాదము పైకి చిన్నదిగా కనబడును. కాని ఒక వీధివారు ఒకరి మొగము ఒకరు చూడకుండ చేయగల వాదములలో ఇది యొకటి. హైదరాబాదు శివారున ఒక కాలనీ సంక్షేమ సంఘమువారు ఇటీవల ఈ విషయమై జరిపిన సమావేశమున నేను కూర్చుంటిని. ఆ కాలనీ పేరుతో మనకు పని లేదు. అక్కడ వినవచ్చిన మాటలే ఏ నగరమున నైనను వినవచ్చును.

గట్టు కావలెనని మొదట లేచిన ఆమె ఒక తల్లి. ఉదయము బడి వ్యాను వీధికి అవతలి ప్రక్కన ఆగును. ఏడేండ్ల పిల్లవాడు పుస్తకాల సంచితో వీధి దాటవలెను. ఆ వేళకే ఆఫీసులకు పోవువారు అడ్డదారిని పట్టుదురు. ఆమె చేయి చూపినను ఆగువారు లేరు. ఆమె వెనుక ఒక వృద్ధుడు లేచి, తాను సాయంకాలము గుడికి పోవుట మానినాననియు, మోకాళ్లలో బలము లేకకాదు, వీధి దాటు ధైర్యము లేక మానినాననియు చెప్పెను.

వలదన్నవారి మాటలును తేలికగా త్రోసివేయదగినవి కావు. వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగిన యొక విశ్రాంత ఉద్యోగి, గట్టు దాటిన ప్రతిసారి తనకు కలుగు బాధను వర్ణించెను. భార్యకు ఏడవ నెల అనియు, స్కూటరు తప్ప వేరు వాహనము లేదనియు ఒక యువకు డనెను. ప్రాణము మీదికి వచ్చినపుడు అంబులెన్సు ఆలస్యమైన ఎవరిది బాధ్యత అని మరియొకరు అడిగిరి. కూడలి ఇంటి యజమాని చేతులు జోడించి, “గట్టు వేయండి, నేను కాదనను, మా ఇంటి ముందు మాత్రం వద్దండీ” అనెను. అందరును నవ్విరి గాని, రాత్రి రెండు గంటలకు ఇసుక లారీ గట్టు మీద దడదడలాడుచు పోవుటను వినవలసినది ఆయనయే.

వీనికి తోడు ఆ వీధికి ఒక చేదు జ్ఞాపకము కలదు. రెండేండ్ల క్రిందట ఇల్లు కట్టుచున్న వారెవరో మిగిలిన కాంక్రీటును రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డముగా పోసిరి. అది వెడల్పున ఒక అడుగు, ఎత్తున దాదాపు అర అడుగు. దానికి రంగు లేదు, హెచ్చరిక పలక లేదు, ప్రక్కనున్న స్తంభమున దీపము వెలుగదు. నాలుగవనాటి తెల్లవారుజామున పాలు పోయు ముసలివాడు బండి మీదనుండి పడి భుజపుటెముక విరుగగొట్టుకొనెను. అటుపిమ్మట గట్టును పగులగొట్టిరి. పిల్లలను కాపాడుటకు వేసిన గట్టు మెల్లగా పోవు పాలవానిని పడవేసెను.

ఇక్కడ మనము ఒక విషయము గ్రహింపవలెను. ఆ సమావేశమున రెండు పక్షములవారును ఒకే పేరుతో రెండు వేరు వస్తువులను గూర్చి వాదించుకొనుచుండిరి. వలదన్నవారి మనస్సులో నున్నది పాలవానిని పడవేసిన కాంక్రీటు ముద్ద. కావలెనన్నవారి మనస్సులో నున్నది బండిని మెల్లగా నడిపించు మెత్తని మిట్ట. ఈ రెండింటి భేదము అభిప్రాయభేదము కాదు. గజపుబద్దతో కొలువదగిన భేదము.

ఈ గట్టు చరిత్రలో ఒక గొప్ప శాస్త్రజ్ఞుని పేరు కలదు. ఆయన 1927లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందిన ఆర్థర్ కాంప్టన్. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. విశ్వవిద్యాలయ ప్రాంగణమున కార్లు మితిమీరిన వేగముతో పోవుట చూచి, 1953లో వాని వేగమును తగ్గించు గట్టును ఆయన స్వయముగా రూపొందించెను. తరువాత ఇరువది యేండ్లకు, 1973లో, బ్రిటనులోని రవాణా పరిశోధనశాలలో వాట్స్ అను పరిశోధకుడు అనేక ఆకారముల గట్లపై వాహనములను నడిపించి పరీక్షించెను. ఆయన ఎన్నుకొన్న ఆకారము వెడల్పున 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. నేటికిని అనేక దేశములవారు అనుసరించుచున్నది ఆ కొలతనే.

అంత వెడల్పు ఏల? ఇందులో విచిత్రమైన కిటుకు కలదు. ఇరుకుగా నిటారుగా నున్న గట్టును కారు అతివేగముతో దాటినపుడు, చక్రము మాత్రము ఎగిరి పడును. క్రింది స్ప్రింగులు ఆ దెబ్బను మ్రింగును. పైన కూర్చున్నవానికి అంతగా తెలియదు. నెమ్మదిగా వచ్చిన స్కూటరు మనిషి నడుమునకు మాత్రము పూర్తి దెబ్బ తగులును. అనగా అట్టి గట్టు దోషిని విడిచి నిర్దోషిని శిక్షించును. వెడల్పు 3.7 మీటర్లున్నపుడు, అది సామాన్యమైన కారు ముందు వెనుక చక్రముల నడుమ దూరము కంటె ఎక్కువ. బండి మొత్తము గట్టు పైకెక్కి దిగవలెను. మెల్లగా పోయినచో ఉయ్యాల వలె ఊగును. వేగముగా పోయినచో కుదుపు వేగముతోపాటు పెరుగును.

మన దేశమున రోడ్ల నిర్మాణమునకు ప్రమాణములు నిర్ణయించు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో ఈ గట్లకు మార్గసూచికలను ప్రకటించి, 2018లో వానిని సవరించి విస్తరించెను. 1988 నాటి సూచిక ప్రకారము గట్టు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దానిని గంటకు 25 కిలోమీటర్ల వేగమున సుఖముగా దాటవచ్చును. నలుపు తెలుపు పట్టెలు వేయవలెను. 40 మీటర్ల ముందే హెచ్చరిక పలక నిలుపవలెను. ఇవి చిన్న రోడ్లకు ఉద్దేశింపబడినవి. జాతీయ రహదారులకు కావు. మన వీధులలో నున్న గట్లలో ఎన్ని ఈ కొలతకు సరిపోవునో వినుచున్నవారే తమ గుమ్మము దాటి చూచుకొనవచ్చును.

ఇక గంటకు 25, 30 కిలోమీటర్ల వేగమునే ఏల కోరవలెను? 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 8 మీటర్లకు పైగా నడచును. 50 కిలోమీటర్ల వేగమున దాదాపు 14 మీటర్లు. అకస్మాత్తుగా ఒక బిడ్డ బంతి వెంట వీధిలోనికి వచ్చినదనుకొనుడు. చూచి బ్రేకు నొక్కుటకు ఎంత చురుకైనవానికైనను ఒక సెకను పట్టును. 30 వేగమున వచ్చువాడు పొడి రోడ్డుపై సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగును. 50 వేగమున వచ్చువాడు ఆ 13 మీటర్లును దాటునప్పటికి ఇంకను బ్రేకు నొక్కనేలేదు. మొదటివాడు ఆగినచోట రెండవవాడు నిండు వేగముతో నుండును. ఆ దెబ్బలోని శక్తి 30 వేగపు దెబ్బకంటె రెండున్నర రెట్లకు మించును.

ఇది లెక్కలకే పరిమితమైన మాట కాదు. బ్రిటనులో గంటకు 20 మైళ్ల వేగపు పరిధిని నిర్ణయించి, గట్లు మొదలైనవానితో దానిని అమలుజరిపిన 250 ప్రాంతములను 1996లో పరిశీలించిరి. ప్రమాదములు నూటికి అరువది వంతున, పిల్లలకు జరుగు ప్రమాదములు మూడింట రెండువంతులు తగ్గినవని తేలెను. అమెరికాలోని ఓక్లండు నగరమున, ఇంటి దగ్గర గట్టు ఉన్న పిల్లలకు తమ పరిసరములలో బండి తగిలి గాయపడు లేక మరణించు అవకాశము సగమునకు పైగా తక్కువ అని 2004లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది.

మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారు. 19 మందికి పైగా పాదచారులు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. గట్టు కావలెనని అడుగుచున్న తల్లియు, గట్టుకు భయపడుచున్న స్కూటరు యువకుడును ఇద్దరును ఆ జాబితాలోనివారే. ఒకరిని కాపాడుటకు మరియొకరిని బలిచేయు గట్టు మనకు పనికిరాదు. కొలతకు సరిపోవు గట్టు ఇద్దరికిని మేలు చేయును.

కొలత కుదిరినంతమాత్రమున అభ్యంతరములన్నియు తీరిపోవునని నే ననను. అమెరికాలోని పోర్ట్‌లండు నగరపు అగ్నిమాపకదళము పరీక్షించి చూడగా, ఒక్కొక్క గట్టు వలన ఫైరింజనుకు ఒక సెకను మొదలు తొమ్మిది సెకండ్ల పైచిలుకు వరకు ఆలస్యమైనది. కనుక ఆసుపత్రికి పోవు ముఖ్యమైన దారిలో వరుసగా గట్లు వేయుట తగదు. పెద్ద వాహనముల చక్రములు ఇరుప్రక్కల దిగి పోవునట్లు కొన్ని దేశములలో గట్టును దిండ్ల వలె ముక్కలుగా వేయుదురు. కాని మన వీధులలో అధికముగా తిరుగునవి ద్విచక్రవాహనములు. అవి ఆ సందులలోనుండియే దూరి పోవును. వెన్నునొప్పి గలవారి బాధ తగ్గునే గాని మాయముకాదు. ఒక వీధిలో గట్టు వేసినచో వేగము ప్రక్క వీధికి తరలిపోవుటయు కలదు.

కాలనష్టము మాట కూడ చూతము. 300 మీటర్ల వీధిని గంటకు 40 కిలోమీటర్ల వేగమున 27 సెకండ్లలో దాటవచ్చును. 25 వేగమున 43 సెకండ్లు పట్టును. భేదము 16 సెకండ్లు. ఆ పదునారు సెకండ్లకు బదులుగా వీధికి దక్కునది పిల్లవాడు నిర్భయముగా వ్యాను ఎక్కుట, వృద్ధుడు మరల గుడికి పోవుట.

ఇట్టివి నిర్ణయించు అధికారము ఏ ఒక్క ఇంటివారిదియు కాదు. రోడ్డు పురపాలక సంస్థది; రాకపోకల బాధ్యత ట్రాఫిక్ పోలీసులది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము, రోడ్డును ప్రమాణము ప్రకారము నిర్మింపక ప్రాణనష్టమునకు కారకులైన అధికారులు, గుత్తేదారులు లక్ష రూపాయల వరకు జరిమానాకు పాత్రులు. రాత్రికి రాత్రి కాంక్రీటు పోయువాని ధైర్యమునకు మెచ్చుకోలు తగదు. అటులనే అర్జీ అందిన పిమ్మట నెలల తరబడి కదలని కార్యాలయమే ఆ కాంక్రీటును పోయించుచున్నదనుటయు అసత్యము కాదు. బిడ్డ పోయిన మరునాడు గట్టు వేయుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

ఆ కాలనీవారు ఆనాడు చేసిన పని నాకు నచ్చినది. వాదము ముదిరిన సమయమున ఒకరు టేపు తెచ్చి నేలపై సుద్దతో 3.7 మీటర్లు గీచి చూపిరి. “ఇంత వెడల్పా!” అని వెన్నునొప్పి పెద్దమనిషియే మొదట ఆశ్చర్యపడెను. బడి వ్యాను ఆగుచోటికి కొంచెము ఎగువన ఒక గట్టు, గుడి మలుపున మరియొకటి కావలెనని, రంగు, పలక, దీపము లేకుండ వేయరాదని, ప్రక్కలందు వాననీరు పోవుటకు సందు విడువవలెనని అర్జీ వ్రాసిరి. కూడలి యజమాని ఇంటికి దూరముగా చోటు మార్చిరి. ఆరు నెలల పిమ్మట మరల కూడి మంచిచెడ్డలు చూచుకొందమని నిశ్చయించుకొనిరి. యువకుడు మాత్రము సంతకము చేయలేదు. భార్య ప్రసవము అయిన తరువాత చేసెదననెను. అతనిని ఎవ్వరును తప్పుపట్టలేదు.

ఒక్క మాట చెప్పి ముగించెదను. మన వీధిలో వేగముగా పోవువాడు ఎక్కడనుండియో ఊడిపడిన శత్రువు కాడు. అతడును ఏదో యొక కాలనీవాడే. అతని ఇంటి ముందును గట్టు కావలెనని అర్జీ వ్రాయబడియుండును. మన అర్జీపై సంతకము చేసి, బండి యెక్కి, ప్రక్క కాలనీలో ప్రవేశించునపుడు మన కాలు ఏ పెడలు మీద నుండునో చూచుకొనుట మంచిది. అక్కడ గట్టు ఉండకపోవచ్చును. వ్యాను కొఱకు నిలుచున్న పిల్లవాడు మాత్రము ఉండును.