నేర్చినవారు నేర్పినప్పుడే



గురుశిష్యుల సంబంధం అనగానే మనం గురువును పొగిడి ఊరుకుంటాము. నేడు శిష్యుని గురించి రెండు మాటలు చెప్పుకుందాము.

త్యాగరాజస్వామి (1767–1847) పుట్టింది తిరువారూరులో, పాడింది తిరువయ్యారులో. రెండూ తమిళదేశమే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయన కీర్తనలు మనదాకా వచ్చాయంటే శిష్యులు నేర్చుకొని, వ్రాసిపెట్టి, మరొకరికి నేర్పినందువల్లనే. వారిలో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ గారి ఇంటి భాష సౌరాష్ట్రం. ఆయనా, ఆయన కుమారుడూ వ్రాసిన ప్రతులు మధురై సౌరాష్ట్ర సభకు చేరి భద్రపడ్డాయి.

మరొక శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన వద్ద సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, శాస్త్రిగారి వద్ద పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి వద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) నేర్చుకున్నారు. కావేరి ఒడ్డు పాట ఆ విధంగా కృష్ణ ఒడ్డుకు చేరింది.

"ఇంట్లో మాట్లాడము గదా, పిల్లలకు తెలుగు ఎలా వస్తుంది?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. మూడవ తరంవారమైన మేమూ సాయంకాలపు బడిలోనే అక్షరాలు దిద్దాము. ఇంటి భాష తెలుగు కాని వాలాజాపేటవారు తెలుగు పాటను నిలబెట్టలేదా?

పిల్లలారా, ఇక్కడ నేర్చిన ఒక్క పాటను ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో నేర్పండి. మాకు అదే గురుదక్షిణ.