బంతి పోయిన పిమ్మట

శంషాబాదు వద్ద 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట ఆ పరిసర గ్రామముల రూపు మారినది. అయినను ఖాళీ స్థలము దొరకినచోట రెండు రాళ్ళను గోలుగా నిలిపి ఫుట్‌బాల్ ఆడు పిల్లలు నేటికిని కలరు. వారి ఆటను కొంతసేపు పరికింతము. బంతి తమవద్ద ఉన్నంతసేపు జట్టంతయు ఆడును. అది ఎదుటివారికి పోయినంతనే ఒక్కడు మాత్రము దాని వెంట పరుగెత్తును. తక్కినవారు చూచుచు నిలుతురు. ఆ ఒక్కడు ముగ్గురి నడుమ తిరిగి తిరిగి అలసిపోవును. గోలు పడినచో నిందయు వానికే. నాలుగు పర్యాయములు ఇట్లు జరిగినచో వాడును పరుగెత్తుట మానివేయును. బాలుర జట్లకు శిక్షణ ఇచ్చువారు ముందుగా సరిదిద్దవలసిన లోపము ఇదియే అని మా అభిప్రాయము.

బంతి పోయినప్పుడు జట్టంతయు ఒక్కుమ్మడిగా ముందుకు జరిగి ఎదుటివారికి ఊపిరి సలుపనీయకుండుటను ‘ప్రెస్సింగ్’ అందురు. 1960వ దశకమున కీవ్ నగరపు డైనమో జట్టుకు విక్టర్ మాస్లోవ్ దీనిని ఒక పద్ధతిగా నేర్పెను. ఆ జట్టు 1966 మొదలు మూడేండ్లు వరుసగా సోవియట్ లీగ్ గెలిచినది.

హైదరాబాదునకు సమష్టి క్రీడ క్రొత్త కాదు. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచినది. భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. డ్రిబ్లింగు లేని పోటీలు నడిపి ఆయన పిల్లలకు బంతిని వెంటనే తోటివానికి అందించుట నేర్పెను. బంతి ఉన్నప్పుడు కలసి ఆడుట ఆ పాఠము. బంతి లేనప్పుడును కలసి ఆడుట దాని తరువాతి పాఠము.

దీనిని ఎట్లు నేర్పవలెను? బంతికి దగ్గరనున్నవాడు మొదట పోవలెను. తిన్నగా కాక, కొంచెము వంపుగా పరుగెత్తి ఒక ప్రక్కను మూయవలెను. దగ్గరకు రాగానే వేగము తగ్గించవలెను, మీద పడరాదు. అతనికి ఐదారు అడుగుల వెనుక ఇద్దరు నిలిచి సమీపపు దారులను అరికట్టవలెను. వెనుక వరుసవారును ముందుకు జరుగవలెను. లేనిచో నడుమ పెద్ద ఖాళీ ఏర్పడును. గోల్‌కీపరు గీతను వీడి ఆ వరుస వెనుకనున్న స్థలమును కాచవలెను.

ఎప్పుడు పోవలెనన్నది మరింత ముఖ్యము. ఎదుటివాని కాలికి తగిలి బంతి దూరముగా ఎగిరినప్పుడు, అతడు మనకు వీపు చూపినప్పుడు, పక్కగీత చేరువకు బంతి పోయినప్పుడు, పాసు మందముగా వచ్చినప్పుడు: ఇవి నాలుగు గురుతులు. గడ్డిలేని గట్టి నేలపై మొదటి గురుతు తరచుగా దొరకును. ఒకడు ‘చలో’ అనగానే అందరును కదలవలెను. గురుతు లేనిచో, లేక ఐదారు సెకండ్లలో బంతి దొరకనిచో, అందరును వెనుకకు వచ్చి దగ్గరగా నిలువవలెను.

సాధనకు ఇరువది అడుగుల చదరము చాలును. లోపల ఐదుగురు బంతి నడుపగా ముగ్గురు దానిని పట్టవలెను. మూడు నిమిషములకొకసారి విశ్రాంతియు, మంచినీరును ఈయవలెను. వేసవిలో ఉదయమో, సాయంకాలమో తప్ప ఆడింపరాదు. బంతి దొరకినప్పుడు దానిని పట్టినవానికి కాక ముగ్గురికిని కలిపి పాయింటు వేయవలెను. తొలుత పరుగెత్తి విఫలుడైనవాడే తక్కినవారికి దారి చేసెనని పిల్లలు అప్పుడు గ్రహింతురు. అట్టివాడు మరల పరుగెత్తుటకు జంకడు.

ఆడి ఇంటికి వచ్చిన పిల్లవానిని ‘ఎన్ని గోల్సు వేసినావు?’ అని అడుగుట మనకు వాడుక. ‘బంతి పోయినప్పుడు ఎవరికి తోడు పోయినావు?’ అని కూడ ఇకమీద అడుగుదము.