గడ్డి మారితే వేట మారింది

 

మా హాస్టల్‌లో ఒక సాయంత్రం సాంఘిక శాస్త్రం చదువుతూ ఒక పాప అడిగింది: "మేడమ్, ఆదిమానవులు తెలివి లేకనే వేటాడి బతికారా?" అడిగింది ఆ పాపే అయినా, వేట అంటే వెనకబాటు అనే మాట ఆ పాపది కాదు. మన పిల్లలు ఎక్కడో విని తలదించుకున్న మాట. ఆ రోజు మేము చెప్పిన జవాబే ఇవాళ మీకూ చెబుతున్నాం.

మంచుయుగంలో స్పెయిన్ నుంచి సైబీరియా మీదుగా అలాస్కా దాకా ఒక మహా గడ్డిమైదానం ఉండేది. దాన్ని స్టెప్పీ అంటారు. చలి ఎక్కువ, వాన తక్కువ, చెట్లు అరుదు. గడ్డి మాత్రం పుష్కలం. ఆ గడ్డి మీద మామత్ అనే బొచ్చు ఏనుగులు, అడవి గుర్రాలు, బైసన్‌లు, రెయిన్‌డీర్లు మందలుగా తిరిగేవి. మనలాంటి మనుషులు సుమారు 45,000 ఏళ్ల క్రితమే అక్కడ ఉన్నారు. పశ్చిమ సైబీరియాలోని ఉస్త్-ఇషిమ్ దగ్గర దొరికిన తొడ ఎముక వయసు అంత.

చెట్టు చాటు లేని మైదానంలో జంతువు మనిషిని దూరం నుంచే పసిగడుతుంది. ఒక్కడే వెంటపడితే దొరకదు. మంద ఏ కాలంలో ఏ దారిన వస్తుందో తెలుసుకుని నలుగురూ కలిసి కాపు వేయాలి. ఉక్రెయిన్‌లోని అంవ్రోసియెవ్కాలో ఒక గండిలో వందలాది బైసన్‌ల ఎముకలు దొరికాయి. కట్టెలు కరువైన చోట వాళ్లు ఎముకలనే కాల్చారు. మెజిరిచ్‌లో మామత్ ఎముకలతో గుడిసెలే కట్టారు. ఎముకతో సూది చేసి, బొచ్చు తోళ్లను ఒంటికి సరిపడా కుట్టుకున్నారు. ఆ సూది లేకపోతే ఆ చలిలో బల్లెం ఉండి ఏం లాభం? సైబీరియా ఉత్తరాన, ధ్రువ వలయానికి అవతల ఉన్న యానా నది ఒడ్డుకు సుమారు 32,000 ఏళ్ల క్రితమే చేరారు.

తరవాత చలి ఇంకా ముదిరింది. 26,000 నుంచి 19,000 ఏళ్ల క్రితం నాటి ఆ కాలంలో ఉత్తర యూరప్‌లో చాలా చోట్లు ఖాళీ అయ్యాయి, జనం దక్షిణానికి జరిగారు. సైబీరియాలో కొమ్ముకు గాడి చెక్కి, అందులో సన్నటి రాతి పలుకులు పొదిగారు. ఒక పలుకు విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు.

సుమారు 14,700 ఏళ్ల క్రితం వేడి పెరిగింది. తేమ వచ్చింది, గడ్డి చోట పొదలు, బురద నేలలు, అడవులు పెరిగాయి. మామత్‌లు తగ్గిపోయాయి. అందుకు వాతావరణం ఎంత కారణం, వేట ఎంత కారణం అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సముద్రం పెరిగి సైబీరియా, అలాస్కాల మధ్య నేల మునిగింది. అప్పటికే కొందరు అమెరికా చేరారు. యూరప్‌లో మిగిలినవాళ్లు విల్లు పట్టి అడవి జింకను వేటాడారు, చేపలు పట్టారు.

అంటే వేటకు బలం ఒక్కటే చాలలేదు. గడ్డి, గాలి, మంద నడక తెలియాలి. అవి మారినప్పుడు పాత పద్ధతి వదిలే ధైర్యం కావాలి. దీన్ని తెలివి అనక ఏమంటాం?

ఇప్పుడు మిమ్మల్ని వేటకు వెళ్లమనడం లేదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు అవ్వ దగ్గరో తాత దగ్గరో ఒక గంట కూర్చోండి. వాళ్ల చిన్నప్పటి నుంచి వాగు, గడ్డి, అడవి ఏమేం మారాయో అడగండి. నోట్‌బుక్‌లో రాసుకోండి. వాళ్లు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ పాప దసరా సెలవుల తరవాత నాలుగు పేజీలు రాసుకొచ్చింది. మీవి కూడా చదవాలని మా ఆశ.