చరిత్ర చదివితే ఏమొస్తుంది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను బకాయిల మీదో, ఆరోగ్య సూత్రాల మీదో కాకుండా చరిత్ర చదువు మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించడానికి ఒక కారణం ఉంది. మన సభ్యులొకరి మనుమరాలు ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, బి.ఏ.లో చరిత్ర తీసుకుంటానని పట్టుబట్టింది. తల్లిదండ్రులు ససేమిరా అంటున్నారు. తాతగారు నన్ను సలహా అడిగారు. పేరు చెప్పను గాని, వారు ఈ సభలోనే ఉన్నారు. దరఖాస్తుకు గడువు వచ్చే వారంతో ముగుస్తుందట. కనుక ఇది ఉబుసుపోక చేసే ప్రసంగం కాదు.

నేను 1967లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. ప్యాసై, రెవెన్యూ శాఖలో చేరాను. చరిత్ర అంటే రాజుల వంశవృక్షాలు, పానిపట్టు యుద్ధాల తేదీలు అని ఆనాడూ అనుకునేవారు, ఈనాడూ అనుకుంటున్నారు. ఆ తేదీల్లో సగం నేను పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయాను. నాకు మిగిలింది వేరే ఉంది.

మాకు యూరపు చరిత్ర చెప్పిన మాస్టారు ఒకరోజు లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడి సంగతి చెప్పారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి నాలుగో శతాబ్దంలో పశ్చిమ రాజ్యాధికారమంతా పోపుగారికి దానం చేశాడని ఒక పత్రం ఉండేది. వందల ఏళ్ళు దాన్ని పెద్దపెద్దవాళ్ళు నమ్మారు. 1440లో వల్లా ఆ పత్రంలోని లాటిన్ భాషను పరీక్షించి, ఇది ఆ కాలపు భాషే కాదు పొమ్మన్నాడు. రోము ప్రభుత్వంలో లేని ‘సత్రపులు’ అనే అధికారులు అందులోకి ఎలా వచ్చారని ఎద్దేవా చేశాడు. కత్తి దూయకుండా, కాగితాన్ని కాగితంతోనే పట్టుకున్నాడు.

రోము ఎక్కడ, మన తాలూకా కచేరీ ఎక్కడ అంటారేమో. 1980 దశకంలో ఒక భూమి తగాదాలో 1953 నాటిదంటూ తెల్లకాగితం మీద రాసిన ఒప్పందం మా ముందుకు వచ్చింది. కాగితం పసుపుపచ్చగా మారి ఉంది, వేలిముద్రలున్నాయి, సాక్షులిద్దరూ కాలం చేశారు. అందరం సంతకాలు పోల్చి చూస్తున్నాం. నా కన్ను మాత్రం శిస్తు రాసిన చోట ఆగింది. అక్కడ ‘రూపాయలు, నయాపైసలు’ అని ఉంది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు మనకున్నవి అణాలు, దమ్మిడీలు కదా! ఆ కాగితం కథ అంతటితో ముగిసింది. గొప్పకు చెప్పడం లేదు. ఈ సభలో ఉన్నవారిలో అణాలు లెక్కపెట్టినవారు చాలామందే ఉన్నారు. అయితే ఏ కాగితం చూసినా ‘ఇది ఎప్పుడు రాశారు, ఎవరు రాశారు, ఎవరి లాభానికి రాశారు’ అని అడిగే అలవాటు నాకు కాలేజీలోనే పట్టుబడింది.

నకిలీని పట్టుకోవడం సులభమైన పని. అసలు కాగితాన్ని సరిగా చదవడమే కష్టం. మన కోస్తా జిల్లాల్లో పనిచేసినవారికి ఇనాం ఫెయిర్ రిజిస్టరు గుర్తుండే ఉంటుంది. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ వారు ఊరూరా విచారించి ఇంగ్లీషులో రాయించినది. ఈనాటికీ కోర్టులు దాన్ని ముఖ్యమైన సాక్ష్యంగా చూస్తాయి. ఒక గ్రామంలో కొన్ని ఎకరాలు గుడిలో సేవ చేసినందుకు ఇచ్చినవా, లేక ఒక కుటుంబానికి సొంతంగా ఇచ్చినవా అని వివాదం వచ్చింది. కుటుంబంవారు తమకు అనుకూలంగా ఉన్న గడి ఒక్కటే చదివారు. ఆ గడిలో ఉన్న మాట ఎవరిది? విచారణ నాడు భూమి అనుభవిస్తున్న వారి పూర్వీకుడు స్వయంగా చెప్పుకున్నది. అదే వరసలో మరో గడిలో పాత ఫసలీ లెక్కల ప్రస్తావన ఉంది. ఫసలీకి 590 కలిపి చూస్తే అది అప్పటికి యాభై ఏళ్ళ నాటి లెక్క. అందులో భూమి గుడి పేరనే ఉంది. నేను ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి నోటు రాశాను. భూమి గుడికే నిలిచింది. సంతకం పెట్టిన అధికారి నాకంటే ఎంతో తెలివైనవారు, లెక్కల్లో మొదటి తరగతి. కాని రిజిస్టరులో ఉన్నదంతా ఒకే గొంతు అనుకున్నారు. ఒక్కో గడిలో ఒక్కో మనిషి మాట్లాడుతుంటాడు.

కల్నల్ మెకంజీ కైఫీయతుల సంగతీ ఇంతే. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన ఆయన, కావలి సోదరుల వంటి మనవాళ్ళ సాయంతో గ్రామ వృత్తాంతాలు సేకరింపజేశాడు. వాటిలో చాలా భాగం కరణాలు చెప్పినవే. కరణం తన మిరాశీ సంగతి వచ్చేసరికి కాస్త పొడిగించి రాయించి ఉండడా? మా తాతగారు కరణమే, అందుకే ధైర్యంగా అంటున్నాను. అలాగని వాటిని పారేస్తామా? చెరువు ఎవరు తవ్వించారో, ఊరు ఎప్పుడు పాడుబడిందో చెప్పే ఆధారం అనేక గ్రామాలకు అదొక్కటే. నమ్మడానికీ, కొట్టిపారేయడానికీ మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో నడవడం నేర్పేదే ఈ చదువు.

పట్టా లేకుండా నేర్చుకోలేమా అని ఒక మిత్రుడు అడిగారు. నేర్చుకోవచ్చు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు కాలేజీ పట్టా లేకుండానే శాసనాలు చదివి, 1948లో రెడ్డిరాజ్యాల చరిత్రను ఇంగ్లీషులో వెలువరించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. కాని ఆయన యౌవనమంతా కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటి వారి వద్ద గడిచింది. మన పిల్లలకు అటువంటి గురుకులం ఎక్కడ దొరుకుతుంది? మంచి అధ్యాపకులున్న కాలేజీలో మూడు నాలుగేళ్ళే దానికి బదులు.

ఇక జీతం సంగతి. దాచడం ధర్మం కాదు. ఇంజనీరింగు పిల్లవాడికి దొరికినట్లు చదువు ముగియగానే ఉద్యోగం దొరకదు. ఎం.ఏ. చెయ్యాలి, లేదా లా చదవాలి, లేదా పోటీ పరీక్షలకు కూర్చోవాలి. సివిల్స్‌లోనూ, గ్రూప్ పరీక్షల్లోనూ చరిత్ర ఎంత ఉంటుందో మీకు తెలుసు. పురావస్తు శాఖ, మ్యూజియాలు, పురాలేఖాగారాలు ఉన్నా, పోస్టులు తక్కువ. పోటీ ఎక్కువ. ఇష్టం లేని పిల్లను ఇందులోకి పంపమని నేను చెప్పను. ఇష్టమున్న పిల్లను ఆపవద్దంటున్నాను. హైదరాబాదు తార్నాకలోని పురాలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబు కాలపు పారశీ కాగితాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిని చదవగలిగినవారు ఎందరున్నారు? మన నేల సంగతులే మనం చదువుకోలేకపోతే వచ్చి చదివి పెట్టేది ఎవరు?

మన సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే ఎవరో ఒకరు చరిత్ర పంపుతూనే ఉంటారు. ఫలానా రాజు ఫలానా గుడి కట్టాడు, కూల్చాడు అని. సంవత్సరం ఉండదు, ఆధారం ఉండదు. రిటైరయ్యేదాకా ‘రెఫరెన్సు ఏది?’ అని గుమాస్తా మీదికి ఫైలు విసిరిన మనమే దాన్ని మరో పదిమందికి పంపుతున్నాం! ఆ అమ్మాయి మూడేళ్ళు చదివి వస్తే, ముందు మన గ్రూపునే దారిలో పెడుతుంది.

ఒక మనవి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు కరణాల ఇళ్ళనుంచి లెక్కలు మూటలు కట్టి తెచ్చాం. అన్నీ రాలేదు. మీ ఇళ్ళ అటకల మీద అటువంటివి, తాతల నాటి ఉత్తరాలు, దస్తావేజులు ఉంటే పాతకాగితాలవాడికి వేసే ముందు నాకు ఒక మాట చెప్పండి. తాతగారూ, మీరు మనుమరాలిని, ఆమె తల్లిదండ్రులను ఆదివారం మా ఇంటికి తీసుకురండి. నేను చెప్పిన ఇనాం రిజిస్టరు నకలు నా దగ్గర ఉంది. అమ్మాయి చేతికిచ్చి చదవమందాం. రెండో గడి దగ్గర ఆమె ఏ ప్రశ్న వేస్తుందో తల్లిదండ్రులు కూడా విందురుగాని.